గిటారు పట్టే వైసు

విశాఖపట్నం,
1 ఆగస్టు 1982.

ఆపాకు రహమాన్ సలాములు.

బావ దగ్గు తగ్గిందని నువ్వు రాయలేదు, తగ్గలేదని కూడా రాయలేదు. తగ్గిందనే అనుకుంటున్నాను. ఇక్కడ వానలు. చెక్క ఉబ్బి, అతికిన జిగురు ఆరడం లేదు. ఓడల్లో సరుకు దించాక విప్పి పారేసిన పెట్టెల చెక్క కొంత మంచిది దొరికింది. విదేశీ చెక్క, గిటారు ముందు పలకకు బాగా పలుకుతుంది.

శుభవార్త ఏమిటంటే, క్లబ్బులో వాయించే బ్యాండువాళ్లు నాలుగు గిటార్లు అడిగారు. క్రిస్మస్‌కి కావాలట. ఉక్కు ఫ్యాక్టరీ పని మీద ఊళ్లోకి దిగిన ఇంజనీర్లకు సాయంత్రాలు తోచక క్లబ్బుకి వెళ్తున్నారు. అక్కడ సంగీతం లేకపోతే వాళ్లకు తిన్నది అరగదట.

కానీ ఆపా, నా అసలు బాధ వైసు. వైసు లేక నా పని ఎక్కడిదక్కడ ఆగిపోతోంది. గిటారును ఒళ్లో పెట్టుకుని చెక్కుతున్నాను. మోకాళ్ల మధ్య ఇరికిస్తే జారిపోతుంది, గట్టిగా నొక్కితే చిట్లిపోతుంది. మొన్న ఉలి జారి తొడకు గీసుకుంది. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను, ఇక ఒక్కడివల్ల కాదు.

మనసులో మాట నీకు గాక ఎవరికి చెబుతాను? ఎలాంటిది కావాలో ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను. పట్టు గట్టిగా ఉండాలి, పట్టినచోట మచ్చ పడకూడదు. దవడలు నున్నగా, మెత్తగా ఉండాలి. నేను ఎటు తిప్పితే అటు తిరగాలి, ఆపినచోట కదలకుండా నిలబడాలి. అందంతో పని లేదు. కొత్తదే కావాలని కూడా లేదు. కంచరపాలెంలో వెతికించాను గానీ అక్కడ దొరికినవన్నీ మొరటువి. మీ ఊళ్లో అలాంటిదేదైనా ఉంటే చూడు. అదొక్కటి ఇంటికొస్తే నా బతుకు ఒక దారిలో పడుతుంది.

నీ తమ్ముడు,
రహమాన్.


ఎలమంచిలి,
9 ఆగస్టు 1982.

రహమాన్‌కు,

ఒక కార్డు చాలదు గనక రెండు రాస్తున్నాను. ఇది మొదటిది. రెండోది ముందు వస్తే చదవకుండా పక్కన పెట్టి దీనికోసం ఆగు.

ముందుగా చీవాట్లు. వైసు లేదు, వైసు లేదు అని ఏమిటా ఏడుపు? వైసు అనేది మనసులో ఉంటుంది. మీ బావను చూడు, మొన్ననే రెండు చేతులూ వదిలి సైకిలు తొక్కాడు. పడ్డాడనుకో, అది వేరే సంగతి. ఇక నువ్వు రాసిన దవడల సంగతి. ఆ నాలుగు వాక్యాలూ దాటేసి, మిగతాది ఆయనకు వినిపించాను. ఆపాకు అలాంటివి రాయవచ్చా? సరే, ఇన్నేళ్లకు నోరు విప్పావు, అదే పదివేలు.

(రెండో కార్డు)

నువ్వడిగినటువంటిది మా ఊళ్లోనే ఉంది. కార్డు దారిలో ఎన్ని చేతులు మారుతుందో తెలియదు గనక పేరు రాయడం లేదు. బజారు వీధిలో పుస్తకాలు బైండు చేసే షాపు ఉంది. తండ్రి పోయాక ఆ షాపంతా దాని మీదే నడుస్తోంది. గట్టిది. ముప్పై దాటినా చెక్కు చెదరలేదు. కాస్త బరువు. బిగువెక్కువ, అంత తొందరగా వంగదు. దాచడమెందుకు, నోరు పెద్దదే. ఇదివరకు ముగ్గురు వచ్చి చూసి, ఆ నోరు చూసే వెనక్కి వెళ్లారు. విషయమంతా మేనత్త రసూల్ బీ చేతిలో ఉంది. ఇవ్వడానికి ఆమె సిద్ధమే. మంచి చోటికి వెళ్లాలని మాత్రం ఆశ.

నీకిష్టమైతే వెంటనే రాయి. మర్యాదగా రాయి.

ఖైరున్నీసా.


విశాఖపట్నం,
15 ఆగస్టు 1982.

ఆపా,

రెండో కార్డే ముందు వచ్చింది. చదవకుండా ఆగమన్న మాట మొదటి కార్డులో ఉంది గనక చదివేశాను. చదివినప్పటినుంచి ఒక్క చోట కూర్చోలేకపోతున్నాను. ఇంత దగ్గర్లో, ఎలమంచిలిలో ఉందా!

వైసు మనసులో ఉంటుందని రాశావు. మనసులో ఉంటే చాలదు ఆపా, బల్లకు బిగించాలి.

నోరు పెద్దదైతే అంతకన్నా ఏం కావాలి? చూసి వెనక్కి వెళ్లిన ఆ ముగ్గురూ పనివాళ్లు కారు. గిటారు పొట్ట పట్టాలంటే నోరు పెద్దదే ఉండాలి. పూర్తిగా తెరిస్తే ఎంత వస్తుందో, వీలైతే ఒక దారం పెట్టి చూడు. బిగువు సంగతి నాకు వదిలెయ్యి. నా పక్క షెడ్డులో పడవలు చేసే జగ్గయ్య ఉన్నాడు కదా, అతనితో చెబితే నవ్వేశాడు. "దానికేటి బావా! వాడకపోతే ఏదైనా బిగుసుకుపోతాది. సేప నూనె రాసి రెండు దినాలు ఎండలో ఎట్టు. ఆ తరవాత ఏలితో తిప్పినా తిరుగుతాది" అన్నాడు. బరువంటావా, బస్సు టాపు మీద వేసి తాడుతో కట్టేస్తాను.

ఇంకొక మాట. రసూల్ బీ గారు ఊరికే ఇస్తామన్నా నేను తీసుకోను. అంత పనికొచ్చేదాన్ని ఊరికే తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. ఎదురు మనమే ఇద్దాం. మంచి చోటికే వస్తోందని ఆమెతో చెప్పు. రోజూ తుడిచి శుభ్రంగా ఉంచుతాను. నేను తప్ప ఇంకొకరు చెయ్యి వెయ్యరు, జగ్గయ్య అడిగినా సరే.

దవడల సంగతి బావకు ఎందుకు దాటేశావో తెలియలేదు. సైకిళ్లు బాగుచేసే మనిషి, ఆయనకైతే ఇట్టే అర్థమయ్యేది.

ఆశతో,
రహమాన్.


ఎలమంచిలి,
24 ఆగస్టు 1982.

రహమాన్,

నీ ఉత్తరం వీధి తలుపు గడియ పెట్టుకుని చదివాను. మళ్లీ చదివే ధైర్యం లేక బియ్యం డబ్బాలో దాచాను. దారం పెట్టి కొలవలేదు. కొలవను. చేప నూనె, ఎండ, బస్సు టాపు, ఇదంతా రేవు మనుషుల సావాసం వల్ల నీకంటుకున్న మొరటు హాస్యమని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మన అమ్మ కడుపున పుట్టినవాడు అలా నిజంగా అనుకోడు.

కానీ ఎదురు మనమే ఇస్తామన్న మాట ఉంది చూడు, ఆ ఒక్క పేరా రసూల్ బీకి చదివి వినిపించాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఈ రోజుల్లో ఇలాంటోడు కూడా ఉన్నాడేటి!" అంది. వీధంతా అదే మాట. మన కుటుంబం పేరు ఒక్కసారిగా ఎంత పైకి లేచిందో నీకు తెలియదు.

సెప్టెంబరు 3, శుక్రవారం. జుమ్మా నమాజు తర్వాత రా. నేరుగా మా ఇంటికి రా, కలిసి వెళ్దాం. తెల్ల చొక్కా వేసుకో. గోళ్లలో జిగురు తీసేసుకో. అక్కడ అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు.

ఖైరున్నీసా.


విశాఖపట్నం,
5 సెప్టెంబరు 1982.

ఆపా,

నీకు ముఖం చూపించలేక బస్సెక్కి వచ్చేశాను. అసలేం జరిగిందో నువ్వు చూసింది సగమే. మొదటి సగం చెబుతాను, ఆ తర్వాత నీ ఇష్టం.

ముందుగా, వైసంటే వయసు కాదు ఆపా. అదొక పనిముట్టు. రెండు దవడల మధ్య వస్తువు పెట్టి మర తిప్పితే కదలకుండా పట్టుకుంటుంది. బావ షాపులోనూ ఇనుపది ఒకటి ఉంది. సైకిలు ఇరుసుకు అది సరిపోతుంది, గిటారును పెడితే పళ్ల గాట్లు పడతాయి. నేను నీకు రాసిందంతా దాని గురించే. నువ్వు రాసిందంతా ఆ షాపులో కాగితాలు అదిమే పాత మర ప్రెస్సు గురించని అనుకున్నాను. ప్రెస్సును చూడ్డానికి తెల్ల చొక్కా ఎందుకో అర్థం కాలేదు గానీ, పెద్దదానివి చెప్పావని వేసుకున్నాను.

ముందు బస్సు దొరకడంతో తొందరగా దిగాను. దిగిన చోటే బైండింగ్ షాపు బోర్డు కనిపించింది. గోనెసంచి, తాడు, నూనె డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లాను. ఒకావిడ కాగితాల దస్తా కుడుతూ కూర్చుంది. నేను మర్యాదగానే అడిగాను. "ఇక్కడ ఒకటుందట. నోరు పెద్దదని మా ఆపా రాసింది. చూడొచ్చా?"

ఆమె సూది పక్కన పెట్టింది. "ఏటని రాసినారు?" అంది.

అప్పటికే నా కళ్లు ఆమె వెనక గోడ దగ్గరికి వెళ్లిపోయాయి. ప్రెస్సులు రెండున్నాయి. ఒకటి నడుస్తున్నది, రెండోదాని దిమ్మ పగిలింది గానీ మర అద్దంలా మెరుస్తోంది. ఇలాంటి మరకు నూనె ఎవరు వేస్తున్నారని అడిగాను. తనే అంది. ఎంత బాగా చూసుకున్నారో అన్నాను. నడుస్తున్నదాన్ని తిప్పి చూసి, బస్సు మీద వెయ్యడానికి తాడు తీశాను. ఆమె లేచి వచ్చి ప్రెస్సు మీద చెయ్యి వేసింది.

"ఇది నా కూడు. దీన్ని ఎవులికీ ఇవ్వను. ఇంతకీ మీరు సూడ్డానికొచ్చింది దీన్నా, నన్నా?"

నాకు అబద్ధం చెప్పడానికి కారణం కనిపించలేదు. "దీన్నే" అన్నాను. ఆమె ప్రెస్సు మీంచి చెయ్యి తీసి, "అయితే కిందకి దూరి సూడండి, మర అడుగు ఇంకా బాగుంటాది" అంది. దూరాను. నేను షాపులో ఉన్నానని ఎవరో చెబితే నువ్వూ రసూల్ బీ గారూ ఊరి ఆడవాళ్లూ షర్బత్తు గ్లాసులతో వచ్చేసరికి నా కాళ్లు మాత్రమే బయట ఉన్నది అందుకే.

నువ్వు "పెళ్లికొడుకేడీ?" అని అడగడం ప్రెస్సు కింద నుంచి విన్నాను. పెళ్లికొడుకు ఎవరా అని నేను కూడా చూశాను.

ఆపా, గిటార్లు చేసేవాడికి పిల్లనెవరిస్తారని ఆ ఆలోచన వదిలేసి చాలా కాలమైంది. అందుకే నీ కార్డులో ఆ అర్థం ఉంటుందని నాకు తట్టలేదు. ఆమెను అవమానించాలని కాదు. ఆ మాట ఆమెకు చేరేలా చూడు.

రహమాన్.


ఎలమంచిలి,
14 సెప్టెంబరు 1982.

రహమాన్,

మొదటిసారిగా నీ కోసం ఇన్‌లాండ్ కవరు కొన్నాను. ఇందులో ఉన్నవి కార్డు మీద ఎక్కించేవి కావు.

నువ్వు గోనెసంచి నెత్తిన పెట్టుకుని పరిగెత్తాక ఏమైందో విను. షర్బత్తు ఎవరూ తాగలేదు. రసూల్ బీ నడి వీధిలో నిలబడింది. "ఏటమ్మా ఈ అన్నేయం! పిల్లని సూడమంటే ఇనుముని సూసి ఎల్లిపోనాడు! ఆ ఇనుమునే నికా సేసుకోమను!" అని అరిచింది. వీధిలో అంతవరకు నిద్రపోయినవాళ్లు కూడా లేచి వచ్చారు. ఎదురు మనమే ఇస్తామన్న మాటతో ఎంత పైకి లేచామో, అక్కడినుంచి అంతా కిందపడ్డాం. నేను ఇప్పుడు కూరగాయలకు పక్క వీధికి వెళ్తున్నాను.

మీ బావకు దాటేసిన వాక్యాలు అప్పుడు వినిపించాను. "ఇది బెంచి వైసు గదే పిచ్చిదానా! ముందే సదివుంటే సెప్పీసేవోడిని" అన్నాడు. ఈయనకు ఎప్పుడూ అంతే, అంతా అయ్యాక అన్నీ తెలుస్తాయి.

ఇంత జరుగుతుంటే ఆ పిల్ల ఏం చేసిందనుకున్నావు? పేరు షహజాది, ఇక దాచడానికి ఏముంది. కాగితం కట్టల మీద కూలబడి కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. మేనత్త కసిరితే ఏమందో విను.

"అత్తా, ఇంతకుముందు ముగ్గురొచ్చినారు. ముగ్గురూ పెళ్లయ్యాక షాపు మూసేత్తావా అని అడిగినారు. మరకి నూనె ఎవులేత్తన్నారని అడిగినోడు ఈయనొక్కడే."

రసూల్ బీ మెత్తబడలేదు. కానీ రెండు రోజులు పోయాక షహజాది మీ బావ షాపుకి వచ్చి, దిమ్మ పగిలిన ప్రెస్సు నుంచి విప్పిన మరను పాత అట్టల్లో చుట్టి ఇచ్చింది. "ఇది దానం కాదు, పెళ్లి మాట అంతకన్నా కాదు. ఆ వైసేదో సేసి సూపించమనండి. నచ్చితే నాకూ ఒకటి కావాలి, కుట్టిన పుస్తకాల వీపు గుండ్రంగా కొట్టుకోడానికి" అంది. మర రైలు పార్సెల్లో వేశాం.

ఇనుప ముక్క ప్రయాణానికి అంత మర్యాద జరిగింది. నా పరువు గురించి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఖైరున్నీసా.


విశాఖపట్నం,
20 అక్టోబరు 1982.

ఆపాకు, బావకు సలాములు.

వైసు తయారైంది. దాని గురించి రాస్తే నీకు విసుగొస్తుందని తెలుసు, అయినా కొంచెం ఓర్చుకో. నువ్వే దానికి మొదటి పెళ్లిపెద్దవు.

జగ్గయ్య పాత పడవ టేకు ఇచ్చాడు. ఉప్పునీళ్లు తాగి తాగి ఇక ఉబ్బదు, వంగదు. దవడలు దాంతో చేశాను. ఒక దవడ కదలదు. రెండోది నడుమన మేకు మీద ఇటూ అటూ తిరుగుతుంది. గిటారు మెడ ఒకవైపు సన్నం, ఒకవైపు లావు. మామూలు వైసు లావు వైపు మాత్రమే పట్టి, సన్నం వైపు వదిలేస్తుంది. ఇదైతే తానే వాలి రెండువైపులా ఒక్కలా ఆనుతుంది. దవడల లోపల వలలకు కట్టే బెండు ముక్కలు కోసి అతికించాను. జగ్గయ్య చూసి "సేపలు పట్టీ బెండుతో పాటలు పడతన్నావు బావా" అన్నాడు. ఇప్పుడు గిటారును బిగించి చిత్రిక పడితే కదలదు, తీస్తే మచ్చ లేదు.

ఇక అసలు సంగతి. మొన్న షహజాది, రసూల్ బీ గారు కాగితం కొనడానికి విశాఖ వచ్చి, పని చూసుకుని నా షెడ్డుకి వచ్చారు. నేను చొక్కా వేసుకుని లేను. పరిగెత్తి వేసుకుని వచ్చేసరికి షహజాది వైసు ముందు నిలబడి ఉంది. నన్ను చూడలేదు. మర తిప్పింది, దవడ వాల్చి చూసింది, వంగి అడుగు కూడా చూసింది. తర్వాత తన అరచెయ్యి దవడల మధ్య పెట్టింది.

"తిప్పండి" అంది.

"ఒద్దే, ఎముకలిరిగిపోతాయి!" అని రసూల్ బీ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. నేను మెల్లగా తిప్పాను. ఆమె నా ముఖమే చూస్తోంది. చాలంది. చెయ్యి లాగి చూసింది, రాలేదు. వదిలించాక వెలుతురులో పెట్టి తిప్పి చూసుకుంది. ఒక్క గీత లేదు.

ఏదో ఒకటి మాట్లాడాలని తెలుస్తూనే ఉంది. నోటికొచ్చింది అనేశాను. "విశాఖలో బైండింగ్ పని చాలా ఉందండి. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లోనే ఉంది గానీ, దాని రిజిస్టర్లు అప్పుడే మేడంత లేచాయి. కుట్టేవాళ్లు లేక తాళ్లతో కడుతున్నారు. మీ ప్రెస్సు ఆ గోడ పక్కన పడుతుంది. కొలిచాను."

జగ్గయ్య బయటినుంచి తొంగిచూసి వెళ్లిపోయాడు. నేను మళ్లీ తప్పు మాట్లాడానేమో అనుకున్నాను. చివరికి రసూల్ బీ గారు నిట్టూర్చి, చెక్కల మీద చతికిలబడ్డారు. "ఇంకేటి సూత్తావే? ఈడికి ఇంతకన్నా అడగడం రాదు. అడిగీసినాడు" అన్నారు.

షహజాది కాదనలేదు ఆపా. ఆ గోడ పక్కకు వెళ్లి నిలబడి, వెలుతురు చాలదు, ఇక్కడ కిటికీ కావాలంది. నిన్న కిటికీ కొట్టించాను.

రహమాన్.


ఎలమంచిలి,
14 నవంబరు 1982.

రహమాన్‌కు,

కూరగాయలకు మళ్లీ మా వీధి బజారుకే వెళ్తున్నాను. రసూల్ బీ ఇప్పుడు చెబుతున్నదేమిటంటే, నువ్వు మొదటినుంచీ షహజాది కోసమే వచ్చావట, సిగ్గుతో ప్రెస్సు కింద దూరావట. వీధంతా నమ్మింది. నేనూ నమ్మాను. నువ్వు కూడా నమ్ము.

మహర్ గురించి పెద్దలు కూర్చున్నారు. నికాలో పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చేది గనక నీ తరఫున నేనూ మీ బావా వెళ్లాం. రసూల్ బీ బంగారం అంది. మేం సరే అనబోతుంటే తడిక వెనకనుంచి షహజాది గొంతు. "నాకు వైసు కావాల. అలాంటిదే, నా పుస్తకాలకి సరిపోయేది."

ఇక చూడు మన పెద్దల తెలివి. మీ బావ పినతండ్రి "పనిముట్టు మహర్ ఎలాగవుతుంది?" అన్నాడు. ఇంకొకాయన "రేపు తుప్పు పడితే మహర్ తగ్గినట్టేనా?" అని అడిగాడు. ఇంకొకాయన, ఆ మరను ముందు ఇచ్చింది పెళ్లికూతురే గనక ఎవరిది ఎవరికిస్తున్నారో తేల్చాలన్నాడు. అది మొదటి వైసుకు పెట్టిన మర అనీ, ఇది రెండో వైసనీ చెప్పేసరికి టీ రెండుసార్లు కాచాల్సి వచ్చింది. ఒక్కరికీ వైసంటే ఏమిటో తెలియదు, ప్రతివాడూ మాట్లాడేవాడే. చివరికి నేను లేచి, రెండు చేతులూ దవడల్లా పెట్టి, అది ఎలా వాలుతుందో, బెండు ఎందుకు అతికిస్తారో అంతా వివరించాను. ఇంత సులువైన విషయం వీళ్లకు ఎలా తెలియదో నాకు అర్థం కాదు.

ఖాజీగారు మంచివాడు. అంతా విని, "దానికి వెల ఉందా? ఉంది. పిల్లకు పనికొస్తుందా? వస్తుంది. పిల్ల అడిగిందా? అడిగింది. ఇంక మీ బాధేమిటి?" అన్నారు. నికా నాటికి ఆమె చేతికి అందాలని తేల్చారు. జనవరిలో నికా. రసూల్ బీ కోసం ఒక జత కమ్మలు కూడా కలిపాం, లేకపోతే ఆమె లేచేది కాదు.

కాబట్టి గిటార్లూ వైసూ రెండూ వేళకు కావాలి. నిద్ర మానుకోకు. అన్నం మానుకోకు.

ఖైరున్నీసా.


విశాఖపట్నం,
26 డిసెంబరు 1982.

ఆపా,

కార్డే రాస్తున్నాను, తీరిక లేదు. నాలుగు గిటార్లూ ఇచ్చేశాను. నిన్న క్లబ్బులో వాయిస్తుంటే వెనక వంటగది గుమ్మంలో నిలబడి విన్నాను. ఇంజనీర్లు తింటూనే ఉన్నారు, ఒక్కరూ తల ఎత్తలేదు. ఒకాయన మాత్రం మధ్యలో చెంచా ఆపి, పాట అయ్యేదాకా అలాగే ఉండిపోయాడు. ఆయన ఎవరో తెలియదు. నాకు ఆ ఒక్కడు చాలు.

రెండో వైసుకు మర కంచరపాలెంలో దొరికింది. రేపు దవడలు మొదలుపెడతాను.

రహమాన్.


ఎలమంచిలి,
6 మార్చి 1983.

రహమాన్‌కూ షహజాదికీ దీవెనలు. ఈ ఉత్తరం మాత్రం రహమాన్ ఒక్కడే చదవాలి.

మీ బావ మొన్న సైకిలు సామాన్ల కోసం విశాఖ వచ్చి, సాయంత్రం బండి దొరకబుచ్చుకునే తొందరలో మీ షాపు గుమ్మం దాకా వచ్చి, టీ తాగి వచ్చేశాడు కదా. వచ్చి ఏం చెప్పాడో తెలుసా? షాపుకి కొత్త బోర్డు పెట్టారట. ఈ మూల నుంచి ఆ మూలకు, మనిషి చెయ్యంత అక్షరాలతో 'షహజాది బైండింగ్ వర్క్స్' అని ఉందట. దాని కింద ఎక్కడో చీమల బారులా 'గిటార్లు కూడా చేయబడును' అని ఉందట. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదవాల్సి వచ్చిందట!

కూడా! ఆ మాట విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. షాపు నీది, షెడ్డు నీది, ఆ బోర్డు చెక్క కూడా నువ్వు చిత్రిక పట్టిందే అయి ఉంటుంది. ఉక్కు ఆఫీసుల రిజిస్టర్లు లారీల్లో వస్తున్నాయని, నీ గిటార్లు వరండాలోకి వెళ్లాయని కూడా మీ బావ చెప్పాడు. నేను ఆ పిల్లను ఒక్క మాట అనను. మంచిదే, నేనే వెతికి తెచ్చాను. కానీ నా తమ్ముడు ఒక 'కూడా' కింద పడి ఉంటే చూస్తూ ఊరుకోలేను. నిజం చెప్పు, నువ్వు సంతోషంగా ఉన్నావా? లేకపోతే వచ్చి ఆ బోర్డు నేనే దించుతాను.

ఆపా.


విశాఖపట్నం,
13 మార్చి 1983.

ఆపాకు సలాములు.

నీ ఉత్తరం ఇద్దరం చదివాం. ఒక్కడినే చదవమన్నావని చివర్లో గానీ గుర్తురాలేదు. షహజాది నవ్వింది, తర్వాత నీకు ముద్ద దిగడం లేదన్న చోట మళ్లీ చదివి నవ్వడం మానేసింది.

వరండాలోకి వెళ్లింది నిజమే. అది నేనడిగిందే. లోపల కాగితం దుమ్ము, గిటారు మీద వార్నిషు తడిగా ఉన్నప్పుడు వాలుతుంది. వరండాలో రేవు గాలి, మంచి వెలుతురు. వైసు కూడా అక్కడే బిగించాను. ఆమె వైసు లోపల ఉంది. మధ్యలో ఆమె కొట్టించమన్న కిటికీ. పనిచేస్తూ మాట్లాడుకుంటాం. గిటారు మెడ చెక్కడం అయ్యాక కిటికీలోంచి లోపలికి అందిస్తే, ఆమె కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి ఎక్కడ గరుకుగా ఉందో చెబుతుంది. పుస్తకాల వీపులు తడిమి తడిమి వచ్చిన వేళ్లు ఆపా, నా ఆకురాయికి దొరకనివి వాటికి దొరుకుతాయి.

బోర్డు సంగతి. ఆఫీసులవాళ్లకు బైండింగ్ పేరు దూరం నుంచి కనబడాలని పెద్ద అక్షరాలు నేనే పెట్టమన్నాను. కూలికి వచ్చిన పెయింటరు నల్ల రంగుతో రాసి, గిటార్లకు చోటు మిగల్చకుండానే డబ్బా మూసేసి వెళ్లిపోయాడు. మిగిలిన ఆ సందులో కింద వరుస షహజాది రాసింది. 'కూడా' అనే మాట కూడా ఆమెదే, మర్యాదగా ఉంటుందని పెట్టిందట. ఆ వరుస రంగుతో రాసింది కాదు. పెద్ద పుస్తకాల వీపు మీద పేర్లు అద్దడానికి వాళ్ల నాన్న దాచుకున్న బంగారు రేకు కొంచెం ఉండేది. ఏ ఆఫీసు రిజిస్టరుకూ ఆమె దాన్ని తీయలేదు. ఒక్కొక్క అక్షరం అద్దుతూ పొద్దంతా నిచ్చెన మీదే ఉంది. కింద నిచ్చెన పట్టుకున్నది నేను.

నల్ల అక్షరాల పక్కన అవి చిన్నవే. పొద్దున్నే సముద్రం వైపునుంచి ఎండ మా వీధిలోకి వచ్చినప్పుడు మాత్రం, మలుపు దగ్గర నిలబడి చూస్తే బోర్డు మీద ఆ ఒక్క వరుసే కనిపిస్తుంది. జగ్గయ్యకు చదువు రాదు. అయినా రోజూ అక్కడ ఒక నిమిషం ఆగి, "బావా, నీ పేరు ఎలుగుతోంది" అని చెప్పి మరీ పడవ దగ్గరికి వెళ్తాడు.

ఈసారి నువ్వు కూడా రా. బావను సాయంత్రం తీసుకురాకు. పొద్దున్న బండికి రండి.

నీ తమ్ముడు,
రహమాన్.